స్వచ్ఛందం - ఒక మాట బరువు

"స్వచ్ఛందం"లో ఛందమంటే ఇచ్ఛ. స్వ అంటే తనది. వైద్యపరిశోధనకు దేహాన్ని అప్పగించిన మనుషుల విషయంలో ఈ 'తనది' ఎంతవరకు నిలిచిందన్నది ఆలోచించదగ్గ చరిత్ర.

1897 ఆగస్టులో సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలచేత కుట్టించాడు. దోమకు అణా చొప్పున డబ్బు ఇచ్చాడు. ఆగస్టు 20న అలా కుట్టిన దోమ కడుపుగోడలో మలేరియా క్రిమి జాడ కనబడింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. హుస్సేన్ ఖాన్ చరిత్రలో అణాల లెక్కగా మిగిలాడు.

మూడేళ్ల తరువాత, 1900లో, క్యూబాలో పచ్చజ్వరం మీద పరిశోధించిన అమెరికా సైనిక వైద్యుడు వాల్టర్ రీడ్ మరొక అడుగు వేశాడు. స్పెయిన్ నుంచి వలసవచ్చిన కూలీలకు వారి భాషలోనే ఒప్పందపత్రం రాయించాడు. ప్రాణాపాయం ఉందని అందులో చెప్పాడు. 100 డాలర్ల బంగారం, జబ్బు చేస్తే మరో 100. అయితే మధ్యలో శిబిరం విడిచిపోతే సొమ్ము దక్కదు. లోపలికి రావడం స్వచ్ఛందమే. బయటికి పోవడం కాదు.

ఆ లోటు తీరింది నాజీ వైద్యుల విచారణ తరువాతనే. 1947 నాటి న్యూరెంబర్గ్ సూత్రాలు పదింటిలో మొదటిది స్వచ్ఛంద సమ్మతి. తొమ్మిదవది మధ్యలో మానుకొనే స్వేచ్ఛ.

సూత్రం పుట్టినంత మాత్రాన ఆచరణ పుట్టదు. 2009లో మన ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ల బాలికలకు గర్భాశయముఖ క్యాన్సరును నివారించే టీకా వేసిన పరిశోధన 2010లో ఆగిపోయింది. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం నివేదిక ప్రకారం 9,543 సమ్మతిపత్రాలలో 2,763 మీద సంతకాలు హాస్టలు వార్డెన్లవి. టీకా గుణం వేరే ప్రశ్న. బడిపంతులుగా నాకు తోచేది ఒక్కటే: పిల్ల బాగోగులు వార్డెనువి కావచ్చు, పిల్ల దేహం మాత్రం కాదు.

2019 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం చదువురాని వారి సమ్మతి తీసుకొనేటప్పుడు తటస్థసాక్షి ఆసాంతం ఉండాలి. 2020 జూలైలో హైదరాబాదు నిమ్స్‌లో కోవాక్సిన్ తొలిదశ పరీక్షకు ఆరోగ్యవంతులు తమంతట తాము చేయి చాచారు. వారి త్యాగం గొప్పదే. వద్దనగలిగే వీలుండీ ఒప్పుకోవడం వల్లనే అది త్యాగమైంది. ఆ వీలు లేనిచోట సంతకం ఉంటుంది, స్వచ్ఛందం ఉండదు.