పాఠకుల ఉత్తరాల్లోంచి లేచిన రాకెట్

1926 ఏప్రిల్‌లో న్యూయార్క్ నుంచి ‘అమేజింగ్ స్టోరీస్’ అనే మాసపత్రిక వెలువడింది. అచ్చంగా సైన్స్ ఫిక్షన్ కోసమే పెట్టిన తొలి ఇంగ్లిష్ పత్రిక అది. పెట్టినాయన హ్యూగో గెర్న్స్‌బాక్. లక్సెంబర్గ్‌లో పుట్టి, 1904లో అమెరికా చేరి, రేడియో విడిభాగాల వ్యాపారం చేస్తూ పత్రికల్లోకి వచ్చాడు. రచయితలకు డబ్బు సరిగా ముట్టజెప్పడన్న చెడ్డపేరు ఆయనకుండేది. కానీ పాఠకుల ఉత్తరాల శీర్షికలో ఆ ఉత్తరాలు రాసినవాళ్ల పూర్తి చిరునామాలు కూడా అచ్చువేశాడు. ఏటా వరల్డ్‌కాన్ అనే సైన్స్ ఫిక్షన్ అభిమానుల సభలో, ఆయన పేరుతో ఇచ్చే హ్యూగో అవార్డుల మూలం నాకు ఆ చిరునామాల్లోనే కనిపిస్తుంది.

ఎక్కడెక్కడి కుర్రవాళ్లో ఆ చిరునామాలు పట్టుకుని ఒకరికొకరు రాసుకోవడం మొదలుపెట్టారు. కలం స్నేహాలు కాస్తా సంఘాలయ్యాయి. సంఘాలు సొంతంగా చిన్న చిన్న పత్రికలు తీశాయి. 1939 జూలైలో, న్యూయార్క్‌లో ప్రపంచ ప్రదర్శన జరుగుతున్న రోజుల్లో, దాదాపు 200 మంది అభిమానులు అక్కడ కలుసుకున్నారు. అదే మొదటి వరల్డ్‌కాన్. గుమ్మం దగ్గరే గొడవ జరిగింది. ఫ్రెడరిక్ పోల్, డొనాల్డ్ వోల్‌హైమ్ వంటి కొందరిని నిర్వాహకులు లోపలికి రానివ్వలేదు. సాహిత్యాన్ని సొంత ఇంటి వ్యవహారంలా చూసుకునేవాళ్ల మధ్య తగాదాలు ఇలాగే ఉంటాయి.

1953లో పదకొండో సభ ఫిలడెల్ఫియాలో. సినిమావాళ్లకు ఆస్కార్ ఉన్నట్టు మనకూ ఒకటి ఉండాలని హాల్ లించ్ అనే అభిమాని అన్నాడు. రాకెట్ ఆకారంలో జ్ఞాపిక చేయాలనుకున్నారు. జాక్ మెక్‌నైట్ అనే అభిమాని యంత్ర పనివాడు. స్టెయిన్‌లెస్ స్టీల్‌తో ఒక్కో రాకెట్‌నూ తన చేతులతో చెక్కాడు. పని తెమలక, సభలో చాలా భాగం చూడలేకపోయాడు. ఆ ఏడు ఉత్తమ నవలగా గెలిచింది ఆల్ఫ్రెడ్ బెస్టర్ ‘ది డిమాలిష్డ్ మ్యాన్’. నవల గొప్పదే. నా మనసు మాత్రం సభ వదులుకుని లోహం చెక్కుతూ కూర్చున్న ఆ మనిషి దగ్గరే ఆగిపోతుంది.

మరుసటి ఏడాది అవార్డులే లేవు. 1955లో క్లీవ్‌లాండ్ వాళ్లు మళ్లీ మొదలుపెట్టారు. బెన్ జేసన్ అనే ఆయన ఓల్డ్స్‌మొబైల్ కారు ముందు భాగాన ఉండే రాకెట్ బొమ్మతో పని జరిగిపోతుందనుకున్నాడు. తెప్పించి చూస్తే అడుగున బోలుగా ఉంది. దాంతో కొత్త నమూనా పోత పోయించాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఏ ఏడూ తప్పలేదు. గెర్న్స్‌బాక్‌కు కూడా 1960లో ప్రత్యేక పురస్కారం అందింది. ఇప్పటికీ రాకెట్ రూపు దాదాపు అదే, పీఠాన్ని మాత్రం ఏటా ఆతిథ్యమిచ్చే ఊరివాళ్లు కొత్తగా రూపొందిస్తారు.

ఈ అవార్డుకు న్యాయనిర్ణేతల సంఘం ఉండదు. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచయితల సంఘం ఇచ్చే నెబ్యులా అవార్డుకు రచయితలు ఓటేస్తే, హ్యూగోకు రుసుము కట్టి ఆ ఏటి వరల్డ్‌కాన్‌లో సభ్యత్వం తీసుకున్న ఏ పాఠకుడైనా ఓటేయవచ్చు. నచ్చినవాటిని ఒకటి, రెండు, మూడు అని వరసపెట్టాలి. ‘అవార్డు వద్దు’ అన్నది కూడా ఆ వరసలో ఒక అభ్యర్థే. మన ఎన్నికల్లో నోటాకు ఎన్ని ఓట్లు పడ్డా, అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలుస్తారు. ఇక్కడ ‘వద్దు’ గెలిస్తే ఆ విభాగంలో ఎవరికీ అవార్డు ఉండదు.

ఆ అంశం ఎందుకుందో 2015లో తెలిసింది. నామినేషన్ దశలో ఒక్కో విభాగానికి అయిదు పేర్లు రాయవచ్చు. ఒక వర్గం ముందే జాబితా వేసుకుని, అందరూ అవే పేర్లు రాసి, కొన్ని విభాగాల్లో తుది పోటీలోని అన్ని స్థానాలూ ఆక్రమించింది. తుది ఓటింగ్‌లో దాదాపు ఆరు వేల మంది పాల్గొని, అయిదు విభాగాల్లో ‘అవార్డు వద్దు’ను గెలిపించారు. అదే ఏడు, తన నవల ఆ జాబితాలో చేరినందుకు మార్కో క్లూస్ పోటీ నుంచి తప్పుకున్నాడు. ఖాళీ అయిన చోటులోకి చైనా రచయిత లియు సిషిన్ నవల ‘త్రీ బాడీ ప్రాబ్లమ్’, కెన్ లియు అనువాదంలో, వచ్చింది. గెలిచింది కూడా. అనువాద నవలకు ఆ అవార్డు రావడం అదే మొదలు. ఒకరు గౌరవంగా పక్కకు తప్పుకుంటే ఒక భాషకు తలుపు తెరుచుకుంది. ఆ తర్వాత మూడేళ్లూ, 2016 నుంచి 2018 వరకు, ఉత్తమ నవల పురస్కారం ఎన్.కె. జెమిసిన్‌దే. ఆ విభాగంలో గెలిచిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ ఆమె.

నిబంధన మార్చాలంటే వరసగా రెండు వరల్డ్‌కాన్ సభలు ఒప్పుకోవాలి. అలా ఒప్పించి, ఒకే జాబితాతో స్థానాలన్నీ పట్టేయడాన్ని కష్టతరం చేసే లెక్కింపును 2017 నుంచి అమల్లోకి తెచ్చారు. అయితే నిర్వాహకులే దారితప్పితే ఏ లెక్కింపు ఆపగలదు? 2023లో చెంగ్డూ సభలో తగినన్ని నామినేషన్లు వచ్చినా ఆర్.ఎఫ్. క్వాంగ్ నవల ‘బాబెల్’ను అనర్హమని తీసేశారు, కారణం చెప్పలేదు. రచయితల రాజకీయ అభిప్రాయాలను నిర్వాహక బృందంలో కొందరు ఆరా తీశారని తర్వాత బయటపడిన ఈమెయిళ్లు చూపించాయి. ఓటేసిన పాఠకుడికి ఇంతకు మించిన అవమానం లేదు.

మరుసటి ఏడు గ్లాస్గో నిర్వాహకులు 377 ఓట్లు దొంగవని తేల్చి తీసేశారు. ఎన్ని తీసేశారో, ఎందుకు తీసేశారో ఫలితాలకు ముందే ప్రకటించారు. ఆ ఓట్లు ఎవరికి పడ్డాయో వారికి ఈ సంగతి తెలుసనడానికి ఆధారం లేదంటూ, వారి పేరు మాత్రం బయటపెట్టలేదు.