అమెరికా రుణ పరిమితి: వెసులుబాటు నుంచి బేరసారాలకు

అమెరికా రాజ్యాంగం ప్రకారం ప్రభుత్వం పేరిట అప్పు చేసే అధికారం కాంగ్రెస్‌ది. మొదటి ప్రపంచ యుద్ధానికి పూర్వం సాధారణంగా ఒక్కొక్క రుణానికీ విడిగా అనుమతి లభించేది. యుద్ధవ్యయం పెరగడంతో, 1917 నాటి రెండవ లిబర్టీ బాండ్ చట్టం గరిష్ఠ మొత్తాలను నిర్ణయించి, ఆ మేరకు బాండ్లు జారీచేసే స్వేచ్ఛను ట్రెజరీకి ఇచ్చింది. 1939లో వేర్వేరు పరిమితుల స్థానంలో 4,500 కోట్ల డాలర్ల ఉమ్మడి పరిమితి ఏర్పడింది. ఆ విధంగా రుణ పరిమితి పాలనాపరమైన వెసులుబాటుగా పుట్టింది.

1953లో దాని స్వభావం మారింది. పరిమితిని 27,500 కోట్ల నుంచి 29,000 కోట్ల డాలర్లకు పెంచాలని అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ కోరగా ప్రతినిధుల సభ అంగీకరించింది. సెనేట్ ఆర్థిక సంఘం తోసిపుచ్చింది. వ్యయ నియంత్రణకు ఇదే మార్గమని సెనేటర్ హ్యారీ బర్డ్ వంటివారు భావించారు. చెల్లింపుల కోసం ట్రెజరీ తన బంగారు నిల్వలను ఉపయోగించుకోవలసివచ్చింది. మరుసటి ఏడాది తాత్కాలిక పెంపు లభించింది.

ద్రవ్య వినిమయ బిల్లులు ఆగితే ప్రభుత్వ కార్యాలయాలు మూతపడతాయి. రుణ పరిమితి పెంపు ఆగితే, కాంగ్రెస్ అంతకుముందే ఆమోదించిన వ్యయాలకూ వడ్డీలకూ చెల్లింపులు ప్రమాదంలో పడతాయి. 2011లో ప్రతినిధుల సభలోని రిపబ్లికన్ ఆధిక్యం వ్యయ కోతలను షరతుగా పెట్టింది. ఆగస్టు 2న బడ్జెట్ నియంత్రణ చట్టం వచ్చినా, మూడు రోజులకే స్టాండర్డ్ అండ్ పూర్స్ సంస్థ అమెరికా పరపతి స్థాయిని తగ్గించింది. వ్యయాన్ని అనుమతించిన సభే దాని చెల్లింపుపై మళ్లీ ఓటు వేయడంలోని వైరుధ్యం అక్కడ బయటపడింది.