గూడబాతులు సైబీరియావి కావు

చలికాలం వచ్చిందంటే పత్రికల్లో కొల్లేరు కథ ఒకటే: సైబీరియా నుంచి అతిథులొచ్చాయి, చేపల చెరువుల వాళ్లు వాటికి చోటు లేకుండా చేశారు. రెండు మాటల్లోనూ సగమే నిజం.

బుడమేరు, తమ్మిలేరు నీళ్లు దిగి, ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోయే లోతులేని మంచినీటి సరస్సు కొల్లేరు. 19వ శతాబ్దిలో ఆనకట్టలొచ్చాక డెల్టా మురుగునీరూ ఇందులోకే చేరింది.

1946లో పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ తాడేపల్లిగూడెం దగ్గరి ఆరేడులో గూడబాతుల స్థావరాన్ని కనుగొన్నారు. అప్పటికి దాదాపు 3,000 పక్షులు. గూళ్లు సరస్సులో కాదు, ఊరి చెట్ల మీద. తిండికి కొల్లేరు, కాపురానికి ఊరు. పిల్లల్ని ఇక్కడే పెంచే పక్షి అతిథి ఎలా అవుతుంది? సూదితోక బాతులు ఉత్తరాన్నుంచి వచ్చే మాట నిజమే. గూడబాతుకూ ఎర్రకాళ్ల కొంగకూ ఆ సైబీరియా పేరెందుకో!

ఆ స్థావరం 1975 ప్రాంతానికే ఖాళీ అయింది. సహకార సంఘాలకు ప్రభుత్వమే చెరువులు ఇప్పించిన పథకం 1976 నాటిది. సంఘాల చెరువులు లీజులకు పోయి, పెట్టుబడిదారుల గట్లు సరస్సంతా అల్లుకున్నది 1980ల నుంచి. ఏడాది తేడా పట్టుకుని మేడ కట్టకూడదు. అంత పెద్ద స్థావరం ఒక్క రోజులో ఖాళీ కాదు, 1975 అన్నదీ ఉజ్జాయింపే. అయినా చెరువులే తొలి దోషులంటే తేదీలు ఒప్పుకోవు. చేపలు పట్టే తీరు, సాగు తీరు మారడమే కారణం కావచ్చని పక్షుల్ని పరిశీలించినవాళ్లు రాశారు. దాళ్వా వరి, పురుగుమందులు డెల్టాలో పాతుకుంటున్న రోజులవి కనుక నాకూ అదే సబబనిపిస్తుంది. చెరువుల వాళ్లను వెనకేసుకురావడం లేదు. నీటికి గట్లు అడ్డం వేసిన పాపం వాళ్లదే.

1999లో ఐదో కంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమయ్యాయి. 2002లో రామ్‌సార్ గుర్తింపు, 2006లో సుప్రీంకోర్టు ఆదేశంతో గట్ల కూల్చివేత. కూల్చడం అవసరమే. కానీ కంటూరు నీటిమట్టం లెక్క. గూడబాతుకు కావలసిన ఊరి చెట్టు ఆ లెక్కలో లేదు.

ఇప్పుడు కొల్లేటి ఒడ్డునున్న ఆటపాకలో చూడండి. అదీ గట్టున్న చెరువే. అటవీశాఖ నీళ్లలో పాతిన ఇనుప స్టాండ్ల మీద అంతస్తులంతస్తులుగా గూళ్లు. పడవలో దగ్గరికి పోతే, తల్లి గొంతుసంచిలోకి తలంతా దూర్చి చేప వెతుక్కుంటూ పిల్లలు.