ముంజేతి ఉక్కు గొలుసు

మా మేనమామ శ్రీశైలం ప్రాజెక్టులో ఉద్యోగి. కాపురం సున్నిపెంట కాలనీ క్వార్టర్సులో. 1963 జులైలో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట పూర్తయ్యేసరికి పద్దెనిమిదేళ్ళు పట్టింది. అందులో చాలా ఏళ్ళు మామ కృష్ణ లోయలోనే గడిపాడు. చేతికి ఒమేగా వాచీ, దానికి స్టీలు చైను. సాయంత్రం ఇంటికి రాగానే బకిలు విప్పేవాడు. చిటుక్కుమనే ఆ చప్పుడు వినగానే అత్త పొయ్యి మీద కాఫీకి నీళ్ళు పెట్టేది.

తోలు బెల్టు ఆయనకు సరిపడలేదు. ఏప్రిల్, మే నెలల్లో అక్కడ కొండరాయి కాలి సెగ కొడుతుంది. ఆ చెమటకు ఎంత మంచి తోలైనా నానుతూ ఎండుతూ చివికిపోతుంది, వాసన వస్తుంది. పైగా మల్లన్న దర్శనానికి వెళ్ళేటప్పుడు ఒంటి మీద తోలు ఉండకూడదనే పట్టింపు ఉండేది. స్టీలు చైనుకు ఈ రెండు చిక్కులూ లేవు. పాతాళగంగలో మునిగి లేచాక పంచె కొంగుతో తుడుచుకుంటే చాలు.

మామ పోయాక ఆ వాచీ నా చేతికొచ్చింది. చైను వదులై వేలాడుతుంటే నగరంలో ఒక దుకాణంలో బాగు చేయమని ఇచ్చాను. వారం తర్వాత వెళ్తే తళతళలాడే కొత్త చైను వేసి ఇచ్చారు. పాతది ఏదని అడిగితే, అరిగిపోయిందని పారేశామన్నారు. ఏం పోగొట్టుకున్నానో ఆ రోజు నాకు పూర్తిగా తెలియలేదు. తెలుసుకోవాలని మొదలుపెట్టాకే ఈ చిన్న గొలుసు వెనక ఎంత చరిత్ర ఉందో బోధపడింది.

ఉక్కు అనే మాట

చరిత్ర మన నేల మీదే మొదలవుతుంది. 1795లో జార్జ్ పియర్సన్ అనే శాస్త్రవేత్త లండన్ రాయల్ సొసైటీ పత్రికలో భారతదేశపు ఉక్కు మీద ఒక వ్యాసం అచ్చు వేయించాడు. అందులో ఆ లోహాన్ని ‘వూట్జ్’ అన్నాడు. తెలుగులోనూ కన్నడంలోనూ ఉన్న ‘ఉక్కు’ అనే మాటే దొరల నోట అలా మారిందని పండితులు చెబుతారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఈ ఉక్కుకు పేరుపొందిన ఊరు. మట్టి మూసల్లో ఇనుమును కరిగించి ముద్దలుగా తీసేవారు. కత్తులు చేసుకోవడానికి ఆ ముద్దల కోసం ఇరాన్ నుంచి వర్తకులు వచ్చేవారని 19వ శతాబ్దంలో ఆ ఊరు చూసిన వాయ్‌సీ అనే దొర రాశాడు.

ఈ ఉక్కు రహస్యమేమిటో తేల్చాలని లండన్‌లో మైకేల్ ఫారడే, జేమ్స్ స్టోడార్ట్ పట్టుబట్టారు. ఇనుములో వెండి, ప్లాటినం, నికెల్ కలిపి చూశారు. 1822లో ప్రకటించిన ప్రయోగాల్లో క్రోమియం కూడా ఉంది. క్రోమియం కలిసిన ఇనుము ఆమ్లాలకు లొంగదని అప్పటికే, 1821లో, ఫ్రాన్సులో పియేర్ బెర్తియే గమనించాడు. మన మూసల ఉక్కును అర్థం చేసుకోబోయి మొదలైన వెతుకులాట అలా తుప్పు పట్టని ఉక్కు గుమ్మం దాకా వెళ్ళింది. తలుపు తెరుచుకోవడానికి మాత్రం మరో తొంభై ఏళ్ళు పట్టింది.

1913 ఆగస్టులో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ 12.8 శాతం క్రోమియం ఉన్న ఉక్కును పోతపోశాడు. ఆయన వెతికింది తుపాకీ గొట్టాలు త్వరగా అరిగిపోకుండా ఉండే లోహం కోసం. చేతికొచ్చింది తుప్పు పట్టని లోహం. 1924లో అదే ఊళ్ళో విలియం హాట్‌ఫీల్డ్ 18 శాతం క్రోమియానికి 8 శాతం నికెల్ జోడించాడు. మన వంటింటి స్టీలు గిన్నెలది ఈ వంశమే. ఇందులోని క్రోమియం గాలి తగలగానే కంటికి కనిపించనంత పల్చటి పొరగా లోహాన్ని కప్పుతుంది. గీత పడితే అక్కడ మళ్ళీ పొర కట్టుకుంటుంది. చెమటలో ఏళ్ళ తరబడి ఉండాల్సిన గొలుసుకు కావలసిన గుణం అదే.

మణికట్టుకు ఎక్కిన కథ

మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులు కందకాల్లో జేబు గడియారం తీసి చూసే వీలు లేక వాచీని చేతికి కట్టుకున్నారు. అప్పుడు దానికి తోలు పట్టీయే. 1926లో రోలెక్స్ నీళ్ళు చొరని ‘ఆయిస్టర్’ కేసు తెచ్చింది. వాచీ నీళ్ళకు తట్టుకున్నా పట్టీ తట్టుకోలేదు. 1930 ప్రాంతంలో ఇంగ్లండులో బాంక్‌లిప్ అనే లోహపు పట్టీ వచ్చింది. వెదురు బద్దలు పక్కపక్కన పేర్చినట్టు సన్నని కమ్ములు, చివర ఒక కొక్కెం. వేడి దేశాల్లో ఉద్యోగాలకు పోయే తెల్లవాళ్ళకూ వైమానికులకూ అది బాగా నచ్చింది. సున్నిపెంటలో మా మామ తోలు పట్టీని వదిలేసింది ఏ కారణంతోనో, వాళ్ళదీ అదే కారణం.

అసలైన పనితనం జెనీవాలోని గే ఫ్రేర్ అనే సంస్థది. 1835లో మొదలైన ఈ సంస్థ మొదట జేబు గడియారాలకు గొలుసులు చేసేది. కాలం మారి గడియారం జేబులోంచి చేతికి రాగానే గొలుసూ దాని వెంటే వచ్చింది. మూడు వరసల చదును లింకుల ఆయిస్టర్ చైను, 1945లో రోలెక్స్ నలభయ్యో ఏటికి వచ్చిన ఐదు వరసల జూబిలీ, 1956 నాటి ప్రెసిడెంట్, వీటి నమూనాలే ఇవాళ్టికీ ఊరూరా కొట్లలో కనిపిస్తాయి. 1972లో జెరాల్డ్ జెంటా గీసిన రాయల్ ఓక్‌తో చైను, కేసు ఒకటే ఒంపుగా కలిసిపోయాయి. స్టీలు వాచీకి బంగారం వాచీ కన్నా ఎక్కువ ధర పలకడం అప్పుడే మొదలైంది. దాని చైను చేసిందీ గే ఫ్రేరే. 1998లో ఆ సంస్థను రోలెక్స్ కొనేసింది.

మన ఇళ్ళలోకి

1961లో బెంగళూరులో సిటిజన్ సహకారంతో హెచ్‌ఎంటీ వాచీల కర్మాగారం మొదలైంది. జనతా, పైలట్ వంటి వాచీలు మన బడిపంతుళ్ళ చేతుల్లోకీ గుమాస్తాల చేతుల్లోకీ వచ్చాయి. పెళ్ళికొడుక్కి ఉంగరంతో పాటు హెచ్‌ఎంటీ కాంచన్ వాచీ పెట్టాలనే మాట పెళ్ళి మాటల్లో దొర్లేది. విదేశీ వాచీల దిగుమతి మీద ఆంక్షలున్న రోజులవి. స్విస్ వాచీ చేతికుందంటే దాని వెనక ఒక కథ ఉన్నట్టే. తర్వాత కడప జిల్లా నుంచీ కరీంనగర్ జిల్లా నుంచీ గల్ఫ్ దేశాలకు పోయినవాళ్ళు సెలవులకు వస్తూ సీకో, సిటిజన్ ఆటోమేటిక్‌లు తెచ్చారు. బావమరిదికి చైను వాచీ, అక్కకు చీర. ‘చైను వాచీ’ అనే మాటకు మన ఊళ్ళలో ఒక హోదా వచ్చింది ఆ రోజుల్లోనే.

ఆ కాలపు చైన్లలో చాలావాటిని గట్టి లోహంతో చేయలేదు. పల్చటి స్టీలు రేకును మడతలు పెట్టి లింకుగా చేసేవారు. లోపల బోలు. చేతి మీద తేలిగ్గా ఉంటుంది, గలగలమంటుంది, అప్పుడప్పుడూ వెంట్రుకలు పట్టి లాగుతుంది. కాలం గడిచేకొద్దీ సాగుతుంది. నిజానికి సాగేది లోహం కాదు. దుమ్ము, చెమట కలిసి లింకుల మధ్య బురదలా చేరతాయి. ఆ బురద ఆకురాయిలా పనిచేసి పిన్నునూ, పిన్ను దూరే బొక్కనూ అరగదీస్తుంది. వాచీని పక్కకు తిప్పి పట్టుకుని చైనును గాలిలో అడ్డంగా చాపితే అది ఎంత కిందికి వంగుతుందో అంత అరిగిందని లెక్క.

మార్చాలంటే

మొదటి మాట, తొందరపడి మార్చొద్దు. ముందు శుభ్రం చేయాలి. వాచీ నుంచి చైను విడదీసి గోరువెచ్చని సబ్బు నీళ్ళలో గంట నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో లింకుల సందులు రుద్దాలి. నల్లటి నీళ్ళు దిగుతాయి. లింకులు కదలక బిగుసుకుపోయాయంటే సగం ఆ మురికి వల్లే. అరిగిన పిన్నులు మార్చి, బొక్కలు సరిచేసి పాత చైనును మళ్ళీ బిగువుగా చేసే పనివాళ్ళూ ఉన్నారు.

తప్పదనుకుంటే కొలతతో మొదలుపెట్టాలి. చైను తగిలించే కేసు చెవుల మధ్య ఖాళీని కాలిపర్‌తో కొలవాలి. 34 మిల్లీమీటర్ల రోలెక్స్ ఆయిస్టర్లకు 19, 36 వాటికి 20, పాత హెచ్‌ఎంటీలకు ఎక్కువగా 18. ఒక్క మిల్లీమీటరు ఎక్కువున్న చైనును ఒత్తి దూర్చితే కేసు చెవులకు గాట్లు పడతాయి. కేసు ఒంపుకు అతుక్కునే చివరి ముక్కది ఇంకా జాగ్రత్తయిన పని. దాని మీద నంబరుంటుంది. చంద్రుడి మీదికి వెళ్ళిన ఒమేగా స్పీడ్‌మాస్టర్ సంగతి చూడండి. 1039 నంబరు చైనుకు 516 ముక్క, 1171 చైనుకు 633 ముక్క. రోలెక్స్ 7836 మడత చైనుకు 358 ముక్క, తర్వాతి 78360 గట్టి చైనుకు 558. ఈ జతలు తప్పితే సందు కనిపిస్తుంది, వాచీ కదులుతుంది, కేసు అరుగుతుంది.

బకిలు లోపలి ముద్ర చూడాలి. 1950, 60ల స్విస్ చైన్లలో చాలావాటి మీద త్రైమాసికం, సంవత్సరం అంకెలు కొట్టి ఉంటాయి. రోలెక్స్ 1976 నుంచి అంకెల బదులు అక్షరాలు వాడింది, ఆ ఏటికి ‘ఎ’. వాచీ పుట్టిన ఏటికీ చైను ఏటికీ ఒకటి రెండేళ్ళ తేడా ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. రాయల్ ఓక్ వంటి వాటికి మాత్రం వాటి సొంత చైను తప్ప మరొకటి అతకదు. అలాంటివి కొనేటప్పుడు చైనులో అన్ని లింకులూ ఉన్నాయా అని లెక్కపెట్టుకోవాలి.

పాలిష్ విషయంలో ఆళ్ళగడ్డ శిల్పులను తలుచుకోవాలి. చెక్కేసిన రాయి మళ్ళీ అతకదని ఆ పనివాళ్ళకు పుట్టుకతో తెలుసు. మెరుపు కోసం చక్రం మీద పెట్టిన ప్రతిసారీ స్టీలు కొంత పోతుంది. అంచులు గుండ్రమై, గీతల నగిషీ చెరిగి, చైను సబ్బుబిళ్ళలా తయారవుతుంది. గీతలు ఉంటే ఉండనివ్వండి.

విడిచిపెట్టిన లింకు

ఈ సంగతులన్నీ తెలిశాక మామ చైను పారేయించుకున్న బాధ పెరిగింది. అత్తకు చెప్పాను. ఆమె ఏమీ అనకుండా లోపలికెళ్ళి, పాత పెన్ను పాళీలు, గుండీలు వేసుకునే రేకు డబ్బా తెచ్చింది. అడుగున ఒక లింకు. వాచీ కొన్న కొత్తలో చైను పెద్దదైందని మామ తీయించి దాచిన ముక్క. ఒక్క రోజూ చేతికి ఎక్కలేదు కాబట్టి అరగలేదు. మడతల గీతలు కొత్తగా ఉన్నాయి.

ఆ లింకు పట్టుకుని నంద్యాలలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. కంటికి భూతద్దం పెట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. “ఇట్లాంటిది ఉండాల నాయనా, ఈ సొరుగులోనే” అంటూ విడి చైన్ల సొరుగు బల్ల మీద కుమ్మరించాడు. రెండు గంటలు వెతికాం. లింకు వెడల్పు, మడత తీరు, పిన్ను లావు అన్నీ కలిసిన చైను ఒకటి దొరికింది. బకిలు లోపల మామ వాచీ కొన్న ఏటికి ఒక ఏడు ముందరి ముద్ర. రెండు పిన్నులు మార్చి, చివర మామ లింకును చేర్చి బిగించాడు.

అత్త దాన్ని చేతిలోకి తీసుకుని బకిలు ఒకసారి వేసి విప్పింది. “చప్పుడు వేరేగా ఉంది” అంది. నిజమే, అది వేరెవరో చెమటోడ్చిన చైను. తర్వాత వేలితో ఒక్కో లింకూ తడుముతూ పోయి, అరగనిదాని దగ్గర ఆగింది.

రిపేరుకు వాచీ ఇచ్చేటప్పుడు ఒక్క మాట అడగండి. తీసిన పాత ముక్కలన్నీ, పిన్నులతో సహా, కాగితంలో చుట్టి తిరిగి ఇవ్వమనండి.