బూర్గంపాటి వంటచెఱకు

గోదావరి కుడియొడ్డున, కిన్నెరసాని వచ్చి కలియు చోట బూర్గంపాడు వెలసియున్నది. ఊరి పేరులో బూరుగు వినబడుచున్నది గాని, ఊరి పొయ్యిలో బూరుగునకు ఎన్నడును గౌరవము లేదు. ఎండిన బూరుగుకట్టె దూదివలె అంటుకొని, ఎసరు కాగకమునుపే బూడిదయగును. చుట్టును అడవియున్న యూరిలో కట్టెకు కఱవేమి యని పొరుగూరివారు తలచవచ్చును. అడవి దగ్గఱనే యున్నను, బాగుగా ఎండిన మంచికట్టె అందఱి పొయ్యికిని దొరకలేదు. ఎవరికి దొరకెను, ఎవరికి దొరకలేదు అన్న సంగతియే ఈ ప్రాంతపు వంటచెఱకు చరిత్రలో ముఖ్యమైనది.

ఇంధనమను మాటకును, సమిధ యను మాటకును ధాతువు ఒక్కటే. ప్రజ్వలించుట దాని యర్థము. నవగ్రహ హోమమునకు జిల్లేడు, మోదుగు, చండ్ర, ఉత్తరేణి, రావి, మేడి, జమ్మి, గరిక, దర్భ చెప్పబడినవి. వీనినిబట్టి వంటకును ఇవియే శ్రేష్ఠములని వాదించువారు కలరు. అది పొరపాటు. హోమమున సమిధకు నేయి తోడు. పొయ్యిలో కట్టెకు తానే దిక్కు. చండ్రయు జమ్మియు రెండు చోట్లను రాణించును. మోదుగు హోమకుండమున పూజ్యమే గాని పప్పుకుండ క్రింద దుర్బలము.

తడికట్టె పెట్టు బాధ శ్రీకృష్ణదేవరాయలకు బాగుగా తెలియును. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని యింట వానకాలపు అతిథులకు వంట జరుగునపుడు పొయ్యిలో మండినవి కొబ్బరి పొరియలు. ఆ కావ్యమందలి వర్షర్తు వర్ణనమున, నిప్పు రాజుకొనక ఇల్లాండ్రు పడు పాట్లను గూడ ఆయన విడువలేదు. సామ్రాజ్యము నేలినవాడు వంటయింటి పొగను ఇంత దగ్గఱగా చూచుట అరుదు.

ఈ యడవులలో పొయ్యికి మొదటి పేరు చిరుమానుది. గొడ్డలికామకు పనికివచ్చు గట్టిదనము గల మ్రాను గనుక నింపాదిగా మండి, మంట ఆరిన పిదపను ఎఱ్ఱని నిప్పులు నిలుపును. దాని వెంటనే చెప్పదగినది నల్లతుమ్మ. పొలముగట్లను, చెఱువు శిఖములందును పెరుగుటచే రైతుకు అడవితో పని లేకయే దొరకును, బొగ్గునకును మేలైనది. మద్ది, రేల వీని తరువాతివి. తునికి చిటపటలాడి రవ్వలు విసరును గనుక పూరియింటివారు జాగ్రత్త పడవలెను. వెదురును చీల్చక వేసినచో కణుపులలోని గాలి వేడెక్కి టపాకాయవలె పేలును. నల్లజీడి పొగ కన్నులను మండించును, దాని రసము తగిలిన ఒడలు పొక్కును. గన్నేరు విషవృక్షము, దాని పుల్ల వంటయింటికి రాకూడదు. ఇప్పను గూర్చి వేఱుగా చెప్పవలెను. ఏటేట పూవును, గింజలనుండి నూనెను ఇచ్చు చెట్టును ఒక్కనాటి వంటకు నఱకుట కోయవారి లెక్కలో నష్టము. ఆ లెక్క సరియైనదే.

ఇచట పలువురు ఎఱుగని సంగతి యొకటి కలదు. పూర్తిగా ఎండిన పిదప, తూకమునకు తూకము చూచినచో, బూరుగైనను చిరుమానైనను ఇచ్చు వేడి ఇంచుమించు సమానమే; కిలో ఒక్కింటికి 4,500 కిలోకేలరీల ప్రాంతము. భేదమంతయు చిక్కదనములో నున్నది. ఒకే కొలతగల చిరుమాను ముక్క బూరుగు ముక్కకన్న రెండు రెట్లకు పైగా తూగును. పొయ్యినోరు చిన్నది, అందు పట్టిన కట్టె ఎంత బరువైనచో అంత సేపు వంట సాగును. కావున బండికి, మోపునకు లెక్కగట్టి కొనువారు చెట్టు పేరు చూడవలెను. అడితిలో తూచి కొనువారు చెట్టుకన్న ముందు తడి చూడవలెను.

అప్పుడే కొట్టిన కట్టెలో ఇంచుమించు సగము బరువు నీరే యుండవచ్చును. అట్టి కట్టె 100 కిలోలు కొన్నవాడు 50 కిలోల నీటికి సొమ్ము చెల్లించినట్లు. ఆ నీటిని ఆవిరి చేయుటకే కట్టెలోని వేడిలో ఏడింట ఒక వంతు ఖర్చగును. ఎండినదానిలో నీరు 20 కిలోలకు మించదనుకొందము. అప్పుడు అదే సొమ్మునకు, అదే తూకమునకు వచ్చు వేడి తడికట్టెకన్న ఒకటింముప్పాతిక రెట్లు. పొగగా పోవునది ఈ లెక్కలో చేరలేదు. మంట చల్లబడినచో కట్టెనుండి వెడలు వాయువులు కాలక పొగయై లేచును. ఆ పొగయు కాలని ఇంధనమే. దానిని ఇల్లాలు తన కన్నులతోను, ఊపిరితోను భరించును.

ఎండిన కట్టెకు గుఱుతులు కలవు. కోసిన కొసలయందు నడుమనుండి అంచులకు పగుళ్లు వాఱును, బెరడు వదులగును, రెండు ముక్కలను తాకించినచో గణగణమనును, తడివి మొద్దుగా పలుకును. దుంగగా నుంచినది త్వరగా ఎండదు, బెరడు నీటిని పట్టియుంచును. చీల్చి, గాలి ఆడునట్లు పేర్చవలెను. ఇందుకు కనీసము ఒక వేసవి కావలెను.

ఆ వేసవి యెవరికి కలదు? గట్లమీద తుమ్మలు గల రైతు మాఘమున కొట్టించి పేర్చుకొనగలడు. కూలికి పోయి, సాయంకాలము మోపు తెచ్చి, ఆ రాత్రికే పొయ్యిలో పెట్టువారికి ఎండబెట్టు వ్యవధి లేదు. దీనికి అడవి చట్టములు తోడయ్యెను. 1860లో భద్రాచలపు సీమ నిజాము ఏలుబడినుండి ఆంగ్లేయులకు పోవుటచే గోదావరియే ఎల్లయయ్యెను. ఎడమయొడ్డున 1882 నాటి మద్రాసు అటవీ చట్టము వచ్చినది. కుడియొడ్డున బూర్గంపాడు నిజాము అటవీశాఖ కట్టుబాట్లలో నుండెను. రిజర్వు అడవిలో అనుమతి లేక పచ్చిచెట్టు కొట్టుట నేరము. అడవిని కాచుట తప్పు కాదు. కాని ఆ కాలమున మద్రాసు రాజధానిలో రైలుబండ్లు గూడ కట్టెలతో నడచుచుండెను. వానికొఱకు సముద్రతీరమున సరుగుడు తోటలు వేసిరి. ఇంజనునకు దొరకిన యేర్పాటు గిరిజనుని పొయ్యికి దొరకలేదు. ముంగిట పేర్చిన కట్టెల దొంతర అధికారి కంటబడును. నాటిది నాడు కాల్చిన మోపు కంటబడదు. కట్టెను నిలువజేయుటకే భయపడువాడు దానిని ఎట్లు ఎండబెట్టును? 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యము లేచుటకును, 1940లో కొమరం భీము జోడేఘాటు వద్ద ప్రాణమర్పించుటకును అడవిపై హక్కు ప్రధాన కారణములలో నొకటి. అవి వట్టి కట్టెపోరాటములు కావు గాని, కట్టె అందులో లేకపోలేదు. 2006 నాటి అటవీహక్కుల చట్టమున పొదకట్టెయు మోడులును చిన్నతరహా అటవీ ఫలసాయమున చేర్చబడినవి.

బొగ్గు సంగతి చిత్రమైనది. 1871లో విలియం కింగు ఇల్లందు వద్ద రాక్షసిబొగ్గును కనుగొనెను. అది రైళ్లకును కర్మాగారములకును తరలిపోయెను. పల్లెపొయ్యి కట్టెనే నమ్ముకొనెను. పొయ్యిని బాగుచేయు యత్నము మాత్రము హైదరాబాదునుండి వచ్చినది. అచటి ఇంజనీరింగు పరిశోధనశాల అధిపతి ఎస్. పి. రాజు మట్టితోనే పొగగొట్టముగల పొయ్యిని రూపొందించి, 1953లో దానిపై గ్రంథము వెలువరించెను. ఒకే మంట వరుసగా పలుపాత్రలను తాకి, పొగ కప్పుపైకి పోవును. ఎంత మంచి పొయ్యియైనను తడికట్టెను ఎండబెట్టజాలదు గదా.

నదియొడ్డు ఊరికి వరద వేఱొక చిక్కు. భద్రాచలము వద్ద గోదావరి 1986 ఆగష్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు లేచినది. అట్టి వరదలో దొంతరలు నిలువవు. చిన్న వరదలలో అటుకపై దాచిన కట్టెయే అక్కఱకు వచ్చును. ప్రవాహమున కొట్టుకొనివచ్చు మ్రాకులకై ప్రాణమునకు తెగించి దిగువారు కలరు. ఆ కట్టె ఆ వానకాలమున మండదు.

1979లో సారపాకలో కాగితపు మిల్లు ఉత్పత్తి ఆరంభించిన తరువాత ఈ ప్రాంతమున జామాయిలు, సుబాబులు తోటలు పెరిగినవి. వాని కొమ్మలు మోపులలో చేరినవి. 1999లో దీపము పథకము, 2016లో ఉజ్జ్వల పథకము వంటగ్యాసును పేదయిండ్లకు తెచ్చినవి. అయినను నీళ్ల కాగు క్రిందను, పెండ్లి గాడిపొయ్యిలోను కట్టెయే మండుచున్నది. మాఘమున చీల్చి, చూరుక్రింద నేల తగులకుండ రాళ్లపై పేర్చిన తుమ్మకట్టె జ్యేష్ఠము నాటికి పొయ్యికి సిద్ధమగును.