ఇంటిపేరు అడగని గది

ఫిల్మ్‌నగర్‌లో సగం గొడవలు పేరు దగ్గరే మొదలవుతాయి. టైటిల్స్‌లో ఎవరి పేరు ముందు పడాలి, పోస్టర్ మీద ఎవరిది పెద్దక్షరాల్లో ఉండాలి, పేరుకు ముందు ఏ బిరుదు తగిలించాలి. కృష్ణానగర్ అద్దెగదుల్లో కుర్రాళ్లు ఏళ్ల తరబడి కాచుకునేది కూడా తెర మీద ఒక్కసారి పేరు పడటం కోసమే. అలాంటి చోట మందు మానాలనుకున్నవాడు వెతుక్కుంటూ వెళ్లే గదిలో పేరుకు అసలు పనే లేదు.

ఆ గది కథ 1935లో, అమెరికాలోని ఏక్రన్ అనే ఊళ్లో మొదలైంది. తాగుడుతో చితికిపోయిన ఒక షేర్ మార్కెట్ మనిషి, చేతులు వణికే ఒక సర్జన్ అక్కడ కలుసుకున్నారు. డాక్టర్లు, పాస్టర్లు చెబితే వినని తాగుబోతు, తాగి లేచినవాడు చెబితే వింటాడని కనిపెట్టారు. అదే ఆల్కహాలిక్స్ అనానిమస్, వాడుకలో ఏఏ. చిత్రమేమిటంటే, బారువా తీసిన బెంగాలీ ‘దేవదాసు’ సినిమా విడుదలైందీ ఆ ఏడాదే. ఒక ఖండంలో తాగి చచ్చిపోయేవాణ్ని కథానాయకుణ్ని చేస్తుంటే, మరో ఖండంలో ఇద్దరు ఆ పాత్ర వేయడం మానేశారు.

మన దేవదాసు 1953లో వచ్చాడు. అక్కినేని దేవదాసు, సావిత్రి పార్వతి. అంతకుముందే మద్రాసు వదిలి హైదరాబాద్ వచ్చేసిన ఆ అక్కినేనే 1976లో బంజారాహిల్స్ బండల మీద అన్నపూర్ణ స్టూడియో తెరిచారు. ఈ కొండలకు సినిమాను మోసుకొచ్చినవాళ్లలో ముందు వరసలో నిలబడింది దేవదాసేనన్నమాట.

పార్వతి కథ మాత్రం మద్రాసులోనే ముగిసింది. సావిత్రిని తాగుడు ఎంతగా కుంగదీసిందో ‘మహానటి’ చూసిన ఈ తరానికీ తెలుసు. 1980 మేలో కోమాలోకి వెళ్లి, పందొమ్మిది నెలలు అలాగే ఉండి, 1981 డిసెంబరు 26న కన్నుమూశారు. సరిగ్గా అదే 1980లో, అదే మద్రాసులో, తాగుడు వల్ల భర్తను పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ ఆయన పేరిట వ్యసన చికిత్సకు ఒక సంస్థ పెట్టారు. టీటీకే ఆసుపత్రిగా పేరుపడింది అదే. ఏఏ అయితే 1957 నుంచే మన దేశంలో ఉంది. ఈ తేదీలు పక్కపక్కన పెట్టుకుంటే మనసు చివుక్కుమంటుంది. అయినా ఆ రోజుల్లో ఒక అగ్రనటి, అందులోనూ ఆడమనిషి, అలాంటి గుమ్మం ఎక్కగలిగేదా?

గుమ్మం ఎక్కితే లోకానికి తెలిసిపోతుందన్న భయం ఏఏకి కొత్త కాదు. 1940లో రోలీ హెమ్స్‌లీ అనే బేస్‌బాల్ ఆటగాడు తనను మార్చింది ఏఏనేనని పత్రికలకు చెప్పేశాడు. ఊరంతా మోగిపోయింది. అయితే అలా మెరిసిన మనిషి రేపు మళ్లీ తాగితే? అతనితోపాటు పద్ధతి మీదా నమ్మకం పోతుంది. మరొకడు ఆ వెలుగు తనమీద పడుతుందని అసలు రాకుండానే ఆగిపోతాడు. 1950 నాటికి ఏఏ ఆమోదించిన పన్నెండు సంప్రదాయాల్లో పదకొండోది దీని గురించే. పత్రికల్లో, రేడియోలో, సినిమాల్లో సభ్యులు తమ పేరు బయటపెట్టుకోకూడదు. సినిమా అన్న మాట పనిగట్టుకుని రాశారు. జూబ్లీహిల్స్‌ను చూసి రాసినట్టుంటుంది.

తాగుడు మాన్పించడానికి మనవాళ్లు వేరే దారీ చూశారు. దూబగుంట అనే పల్లెలో ఆడవాళ్లు సారా ప్యాకెట్ల మీద తిరగబడ్డారు. సినిమా నుంచి వచ్చిన ముఖ్యమంత్రి ఎన్టీఆర్ 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలుచేశారు. 1997లో దాన్ని ఎత్తేశారు. కొట్టు మూసినా లోపలి దాహం అలాగే ఉంటుందని 2020 లాక్‌డౌన్ మళ్లీ చూపించింది. వైన్ షాపులు మూతపడగానే వణుకుతో, భ్రమలతో జనం ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి క్యూ కట్టారు. కృష్ణానగర్ నుంచి వచ్చి యూసుఫ్‌గూడలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే ఎంతో దూరం కాదు ఎర్రగడ్డ. రోజూ గట్టిగా తాగేవాడు ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో ఫిట్స్, సంధి ప్రేలాపన రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. కాబట్టి ముందు డాక్టరు, ఆ తర్వాతే మీటింగు. ఎవరిని అడగాలో తోచకపోతే కేంద్రం వారి హెల్ప్‌లైన్ 14446 ఉంది. 2019 జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసైనవాళ్లలో ఏదో ఒక చికిత్స అందుకున్నది ముప్పై ఎనిమిది మందిలో ఒక్కరు.

మీటింగుకు ఫీజు లేదు, రిజిస్టర్ లేదు. ఖర్చులు సభ్యులే వేసుకుంటారు. మానాలన్న కోరిక ఉంటే చాలు, సభ్యుడే. ఓపెన్ మీటింగుకు ఎవరైనా వెళ్లొచ్చు, క్లోజ్డ్ మీటింగు తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. భార్యలకు, పిల్లలకు వేరే అల్-అనాన్ అనే బృందం ఉంది. తెలిసినవాళ్లు కనబడతారేమోనని ఊరి ఆ చివర మీటింగు వెతుక్కునేవాళ్లుంటారు. తీరా అక్కడ గుర్తుపట్టేవాడెవడైనా ఉంటే, వాడూ అదే పనిమీద వచ్చినవాడే.

కుర్చీలు గుండ్రంగా వేస్తారు. ఒకరు మాట్లాడితే మిగతావాళ్లు వింటారు. మధ్యలో సలహా ఇవ్వరు. వంతు వచ్చినప్పుడు సొంత పేరు మాత్రం చెప్పి, ఆల్కహాలిక్‌నని చెప్పుకుంటారు. ఇంటిపేరు ముందు చెప్పడం అలవాటైన తెలుగు నోరు అక్కడ ఒక్క క్షణం తడబడుతుంది.