నేలను బట్టి గొడ్డలి

బందరు దగ్గరి గిలకలదిండి రేవు నుంచి గుడివాడ దాకా నేరుగా కొలిస్తే 40 కిలోమీటర్ల లోపే. ఆ కొద్ది దూరంలోనే నేల మూడు రకాలుగా మారిపోతుంది. సముద్రం పక్కన ఇసుక దిబ్బలు, వాటి వెనక ఉప్పు తేలిన చవుడు, ఇంకా పైకి వెళితే వానకు జిగురై ఎండకు బీటలు వారే నల్లరేగడి. ఈ మూడు నేలల మీదా చెట్లు కొట్టే పని ఎలా సాగిందో చూస్తే, ఇక్కడ పనిముట్టును చాలాకాలం నేలే ఎంచిందని తెలుస్తుంది. చెట్టు ఎంత లావు, ఎంత ఎత్తు అన్నది తర్వాత సంగతి. కొట్టిన దుంగ ఏ దారిన బయటికి పోవాలి, ఆ దారిలో తడి ఎంత ఉంది, దాని మీద ఏ పైరుంది అన్నవి ముందు తేల్చుకునేవారు. ట్రాక్టరూ జేసీబీ ఊరూరా దొరకడం మొదలయ్యాక ఈ వరస తిరగబడింది. దొరికిన యంత్రాన్ని ముందు పిలవడం, నేల సంగతి తర్వాత చూడడం అలవాటైంది. పాత వరసే సరైనదని, దాన్ని కొత్త యంత్రాలతోనే మళ్లీ నిలబెట్టుకోవచ్చని నా వాదన.

ఆ వరస ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే డెల్టా పంటల లెక్క చూడాలి. 1852-55 మధ్య కెప్టెన్ ఛార్లెస్ ఆర్ పర్యవేక్షణలో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట కట్టారు. కాలువ నీళ్లు పారిన కొద్దీ దిగువ తాలూకాల్లో ఖాళీగా ఉండే నేల తగ్గిపోయింది. జూన్, జూలైల్లో దమ్ము, ఆ వెంటనే ఊడ్పులు, నవంబరు, డిసెంబరుల్లో కోతలు. కోతకు కొద్ది రోజుల ముందే, వరి ఇంకా నిలబడి ఉండగానే చేలో మినుమో పెసరో చల్లేస్తారు. వరి కోసేనాటికి మొలక లేచి ఉంటుంది. నేలలో మిగిలిన తడినే తాగి ఆ మొక్క మాఘ ఫాల్గుణాల దాకా బతుకుతుంది. రెండో వరి పైరుగా దాళ్వా వేసే చోట నేల ఇంకా ఆలస్యంగా ఖాళీ అవుతుంది. ఇక చెట్టు కొట్టి దుంగ ఈడ్చుకుపోవడానికి నేల అనుమతించేది మినుము పీకిన నాటి నుంచి తొలకరి దాకా, అంటే ఎండాకాలంలోనే. రేగడి అప్పుడు రాయిలా గట్టిపడి ఉంటుంది. తాడిచెట్లూ తుమ్మలూ చేల గట్ల మీదా కాలువ కట్టల మీదా ఉండేవి కాబట్టి, మిగిలిన తొమ్మిది నెలల్లో వాటిని తాకాలంటే పైరు మధ్యలోకి దిగాల్సిందే. ఇల్లు కట్టే పని వేసవికి పెట్టుకోవడం వెనక ముహూర్తాలతో పాటు ఈ కారణం కూడా ఉంది. ఇంటి దూలాలూ వాసాలూ, బోదెల మీద వంతెనగా వేసే తాటి పట్టెలూ, కొల్లేటి జనం నడిపే తాటి దోనెలూ అన్నీ ఆ గట్ల మీది చెట్ల నుంచి వచ్చినవే.

ఆనుపానులు తెలిసినవాళ్లు నిండు తాడిని ఒక్కసారిగా పొలంలోకి కూల్చరు. ముదురు తాడి మాను టన్నుకు తక్కువ తూగదు. అంత ఎత్తు నుంచి అది పడితే మెత్తటి మట్టిలో జానెడు లోతున గాడి పడుతుంది, ఆ గాడి మడిలో నీటి మట్టాన్ని చెడగొడుతుంది. అందుకని ముందు ఒకరు ఎక్కి మట్టలు నరికి తల తేలిక చేస్తారు. పైన మోకు కట్టి, కొనను గట్టు వెంబడి నిలబడ్డ మనుషులకు ఇస్తారు. మొదలు దగ్గర, పడాల్సిన వైపు గొడ్డలితో గాటు పెట్టి, ఎదురు వైపు నుంచి రంపం నడుపుతూ, మోకు లాగినవైపే మాను ఒరిగేట్టు చూస్తారు. గట్టు పొడవునా పడిన మానును అక్కడికక్కడే మొద్దులుగా కోస్తారు. మొద్దును తాళ్లతో మోతకర్రలకు వేలాడదీసి ఆరుగురో ఎనిమిది మందో గట్టు మీదుగానే డొంక దాకా మోస్తారు. ఎడ్లబండి అక్కడే ఆగి ఉంటుంది. తడి చేలోకి బండి దిగకపోవడానికి కారణం దాని చక్రమే. నాలుగు వేళ్ల వెడల్పున్న ఇనుప పట్టా మీద బరువంతా ఆనితే చక్రం ఇరుసు దాకా కూరుకుపోతుంది. బరువు డొంక దాటాక కాలువ పడవ అందుకునేది. బెజవాడ నుంచి బందరుకు 1908లో రైలు వచ్చేదాకా, వచ్చాక కూడా చాలాకాలం, ఈ డెల్టాలో పెద్ద బరువులకు నమ్మకమైన దారి నీరే.

ఇందులో తెలివేమీ లేదు, గతిలేక చేసిన పని అని ఎవరైనా అనవచ్చు. కూలి చవక, యంత్రం లేదు, కాబట్టి భుజాలతో మోశారు, అంతే కదా? ఈ మాటలో సగం నిజముంది. ఆ భుజాలు ఎవరివో, చెట్టు మీంచి జారిపడితే ఆ ఇంటికి ఏమయ్యేదో ఆలోచిస్తే పాత పద్ధతిని పొగడడానికి నోరు రాదు. ఆ మోత మళ్లీ రావాలని కోరుకోవడం అన్యాయం. కానీ గతిలేకపోవడం ఒక్కటే కారణమైతే, యంత్రం వచ్చిన రోజునే నేల మీద శ్రద్ధ మాయం కావాలి. అలా జరగలేదు. దమ్ము చేయడానికి ట్రాక్టరు వచ్చినప్పుడు డెల్టా రైతు దాన్ని ఉన్నదున్నట్టు చేలోకి దింపలేదు, ఇనుప కేజ్ వీల్స్ బిగించి దింపాడు. వరికోత యంత్రం వచ్చాక అది టైర్ల మిషనా, చైన్ మిషనా అని అడగడం నేర్చుకున్నాడు. చేలో తడి ఉంటే అద్దె ఎక్కువైనా చైన్ మిషన్నే పిలుస్తాడు. కింద మినుము మొలక ఉందంటే ఆ బేరం ఇంకా జాగ్రత్తగా సాగుతుంది. పైరు కోయడానికి ఇంత లెక్క చూసే మనిషి గట్టు మీద తాడి తీయించడానికి మాత్రం ఏది దొరికితే అది పిలుస్తున్నాడంటే, చెట్టు తీయడాన్ని అతను సేద్యంలో భాగంగా చూడడం మానేశాడన్నమాట.

ఆ లెక్క ఏమిటో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. నేల మీద ఒత్తిడిని యంత్రం బరువు ఒక్కటే నిర్ణయించదు, ఆ బరువు ఎంత చోటు మీద పరుచుకుంటుందన్నదీ చూడాలి. టైరు కింద నేలపై పడే ఒత్తిడి స్థూలంగా ఆ టైర్లో నింపిన గాలి ఒత్తిడికి సమానం. జేసీబీ ఏడెనిమిది టన్నుల బండి, దాని టైర్ల కింద చదరపు సెంటీమీటరుకు రెండు కిలోలకు పైనే పడుతుంది. 20 టన్నుల పొక్లెయిన్ దానికి రెండింతలకు మించి బరువైనా, వెడల్పాటి చైన్ల మీద నిలబడడం వల్ల ఒత్తిడి అర కిలో దగ్గర ఆగుతుంది. నడిచే మనిషి ఒంటికాలి మీద ఉన్న క్షణంలో అరికాలి కింద పడేదీ ఇంచుమించు అంతే. అయితే చైన్ బండే అన్నిటికీ మందు అనుకోవడం కూడా పొరపాటు. మట్టి పైపొర బిగుసుకోవడం ఈ ఒత్తిడిని బట్టి ఉంటుంది, లోపలి పొర బిగుసుకోవడం మాత్రం యంత్రం మొత్తం బరువును బట్టి ఉంటుంది. లోపల బిగుసుకున్నదాన్ని నాగలి అందుకోలేదు. పైగా చైన్ బండి తిన్నగా పోయినంతసేపే మెత్తన. మలుపు తిరిగినప్పుడు ఒక చైను ఆగి రెండోది ఈడ్చుకుంటుంది, అక్కడ గడ్డి వేళ్లతో సహా చాపలా లేచిపోతుంది. బడి ఆటస్థలంలో వేప తీయించేవాళ్లూ, గరిక పట్టిన కట్ట మీద తుమ్మ తీయించేవాళ్లూ చూసుకోవాల్సింది ఈ మలుపునే. బండి ఒక్క దారినే వచ్చి, తిరగకుండా అదే దారిన వెనక్కి పోయేట్టు చూడాలి. ఆ దారిలో కొట్టిన చెట్టు మట్టలూ కొమ్మలే పరవాలి. ఉత్తర ఐరోపా అడవుల్లో పెద్ద యంత్రాలతో పని చేసేవాళ్లు కూడా చక్రాల కింద కొమ్మలు పరుస్తారు, నేల గడ్డకట్టే శీతకాలం కోసం ఆగుతారు. వాళ్లకు మంచు చేసే మేలు మనకు చైత్ర వైశాఖాల ఎండ చేస్తుంది.

ఏటా దమ్ములో కలియదొక్కే నేలకు ఇంత బెంగ ఎందుకని ఇంకో ప్రశ్న రావచ్చు. దమ్ము కలిపేది పై జానెడు మట్టినే. దాని అడుగున ఏళ్ల తరబడి ఏర్పడిన గట్టి పొర ఉంటుంది, మడిలో నీళ్లు నిలబెట్టేది అదే. బరువైన చక్రం తడిలో కూరుకున్నప్పుడు ఆ పొర ఒకచోట తెగుతుంది, పక్కన మరీ బిగుస్తుంది. తెగినచోట నీరు ఇంకిపోతుంది, బిగిసినచోట మినుము వేరు దిగదు. మడి చదును చెడితే ఒక మూల నారు మునిగి ఇంకో మూల ఎండుతుంది. ఇవన్నీ చెట్టు తీసిన రోజున కనిపించవు, మరుసటి ఏడాది కనిపిస్తాయి. అందుకే జేసీబీ గంటలో చేసిన పని చవకగా తోస్తుంది. చదును చేయించిన ఖర్చూ తగ్గిన మినుములూ ఆ బిల్లులోకి ఎక్కవు.

ఈ తీరంలో చెట్లు ఎక్కువగా పడేది నేల అన్నిటికన్నా బలహీనంగా ఉన్నప్పుడే. బందరులో దాదాపు 30 వేల మందిని మింగిన ఉప్పెన 1864 నవంబరు 1న వచ్చింది. దివిసీమను ముంచింది 1977 నవంబరు 19న. 1990లో తుఫాను మే నెలలో వచ్చినా, 2023లో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుఫాను మళ్లీ డిసెంబరు 5నే, కోతల వేళకే వచ్చింది. ఆ రోజుల్లో నేలను చూసుకునే తీరిక ఎక్కడిదన్న మాటకు నేను తలవంచుతాను, ఒక మేరకు. 1977లో నాగాయలంక, కోడూరు వైపు దారులకు అడ్డం పడ్డ చెట్లను తీయకుండా బతికున్నవాళ్ల దగ్గరికి చేరే మార్గం లేదు. అలాంటప్పుడు ఏ యంత్రమైనా, ఏ నేలైనా ఒకటే. కానీ రోడ్డు మీద పడ్డ చెట్టు వేరు, చేలో పడ్డ చెట్టు వేరు. మొదటిది ఆ గంటలో తీయాలి. రెండోదాన్ని ముట్టకుండా మినుము పీకేదాకా ఉంచినా తాడి మాను చెడదు. ఆగలేకపోతే ఇప్పుడు చేత్తో పట్టుకునే పెట్రోలు రంపముంది. అయిదారు కిలోల ఆ పనిముట్టు పడ్డచోటే మానును ముక్కలు చేస్తుంది, ముక్కలను గట్టు మీదుగా తెచ్చి డొంక మీద నిలబెట్టిన క్రేనుకు అందించవచ్చు. ముక్కలను ఇంకా చిన్నవి చేస్తే మనిషి భుజానికీ శ్రమ తగ్గుతుంది. అంటే పాత పద్ధతిలోని మేలు దక్కించుకోవడానికి పాత కష్టం అక్కర్లేదు.

ఇసుక నేల సంగతి వేరు. 1977 తర్వాత తీరం పొడవునా గాలికి అడ్డుగా సరుగుడు పెంచారు. ఇసుక రేగడిలా బిగుసుకోదు, కాబట్టి అక్కడ ట్రాక్టరు బరువు గురించి దిగులు తక్కువ. అక్కడి ప్రాణమంతా దిబ్బను కప్పి ఉన్న ముళ్ల గడ్డిలోనూ నేల మీద పాకే తీగల్లోనూ ఉంది. వాటిని చక్రాలు చీలిస్తే ఆ చీలికలోంచి గాలి ఇసుకను తవ్వుకుపోతుంది. దిబ్బ తగ్గినచోట ఉప్పెన లోపలికి వస్తుంది. సరుగుడును వేళ్లతో పెళ్లగించకుండా నేల మట్టానికి కోసి, ఎప్పుడూ ఒకే బాట మీదుగా తీసుకుపోవడం అక్కడ చాలు.

నా వాదనకు అసలైన చిక్కు కరకట్ట దగ్గర ఎదురవుతుంది. కృష్ణకు 2009 అక్టోబరులోనూ 2024 సెప్టెంబరులోనూ ప్రకాశం బ్యారేజీ దగ్గర దాదాపు 11 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. అంత నీటిని ఆపే మట్టికట్ట వాలును కోసుకుపోకుండా పట్టుకునేది దాని మీది గరికే, కాబట్టి పచ్చిక చెడగొట్టకూడదు. కానీ చెట్టును పైన కోసి మొదలు వదిలేస్తే వేరు కొన్నేళ్లకు కుళ్లి కట్టలో బొరియ మిగులుతుంది, నీరు వెతుక్కునేది అలాంటి దారినే. కాబట్టి లావు వేళ్లను తవ్వి తీయక తప్పదు, పచ్చిక కొంత చెడక తప్పదు. ఇక్కడ ఎంచుకోవాల్సింది ఎంత చెడగొట్టాలన్నది, ఎప్పుడు చెడగొట్టాలన్నది. చిన్న పొక్లెయిన్‌ను కట్ట పైన ఉన్న బాట మీదే నిలబెట్టి చెయ్యి వాలు మీదికి చాపించడం, వాలు మీదికి బండి దిగనివ్వకపోవడం, తవ్వే ముందు గరికను పలకలుగా కోసి నీడన తడిపి ఉంచడం, గోతిలో బంకమట్టిని పొరలు పొరలుగా పోసి దిమ్మిస చేయడం, ఆ పైన పలకలు తిరిగి పరిచి నీళ్లు పెట్టడం. ఈ పనంతా మార్చి, ఏప్రిల్‌లలో జరిగితే తొలి వరద నాటికి గరిక వేరూనుతుంది. జూలైలో మొదలుపెడితే వరద వచ్చేనాటికి ఆ వాలు మీద ఉండేది వట్టి మట్టి.